నీళ్ళ వెంట నడిచే ఊరు

ఈ ఉదయం కువైట్‌లో మేముండే అర్దియాలో వాన పడింది. నవంబరులో ఇక్కడ పడే మొదటి వానకు ఒక వాసన ఉంటుంది. మన వైపు తొలకరికి లేచే మట్టివాసనలో ఒక తీపి ఉంటుంది. దీనిలో అది లేదు. ఎండాకాలమంతా వేగిన దుమ్ము, గోడల మీది సున్నం, రోడ్డు మీది నూనె మరకలు ఒక్కసారిగా తడిసి, చెమ్మగిల్లిన సుద్దముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నట్టు ఉంటుంది. ఆ వాసన తగలగానే ఈ భవనంలో అందరూ కిటికీలు తెరుస్తారు. నేను చెప్పులు వెతుక్కుంటాను. "మళ్ళీ బయల్దేరారా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. "గొడుగైనా పట్టుకెళ్ళండి. నీళ్ళ వెనకాల తిరిగే మనిషని కింద హారిస్ కూడా నవ్వుతున్నాడు." హారిస్ అంటే భవనానికి కాపలా మనిషి. నవ్వనీ. వాన తగ్గేదాకా ఎలాగూ ఆగాలి కనుక ఈలోగా రాయడానికి కూర్చున్నాను. ఇది 1989వ సంవత్సరపు డైరీ, కువైట్‌లో నా పన్నెండోది. మొదటి డైరీ మొదటి పేజీల్లోనే కనిపించే ఒక మనిషి గురించి ఇంతవరకు ఒక్కచోట కూర్చి రాయలేదు. రాయబోయినప్పుడల్లా కోపం అడ్డొచ్చి కలం మూసేవాణ్ణి. ఈసారి ఆ కోపంతోనే రాస్తాను.

ఆయన పేరు ఎస్తెబాన్. ఫిలిప్పీన్స్ దేశస్థుడు. నేను 1978 జనవరిలో కోనసీమ నుంచి వచ్చి, ఇక్కడి పారిశ్రామిక వాడలో ఒక నిర్మాణ కంపెనీ వారి మట్టి పరీక్షల ల్యాబులో సహాయకుడిగా చేరినప్పుడు ఆయన ఆ ల్యాబుకు అధికారి. కంపెనీ పేరు రాయను. అది ఇప్పటికీ ఉంది, దాని బోర్డుకు ఏటేటా కొత్త రంగు వేస్తూనే ఉన్నారు. ఎస్తెబాన్ గారు పొట్టి మనిషి. మెడ అనేది లేనట్టు తల భుజాల మీదే కూర్చుని ఉండేది. కోపం వస్తే ముందుగా ఎడమ చెవి ఎర్రబడేది, తరవాత గొంతు లేచేది. పని నేర్పేటప్పుడు ఒక్క మాట రెండోసారి చెప్పేవారు కాదు. మూడోసారి అడిగితే చేతిలోది లాక్కుని తానే చేసేవారు. మాతో మాట్లాడింది ఇంగ్లీషు, వచ్చీరాని హిందీ. తిట్టడం మాత్రం స్పానిష్‌లో. ఆయన మాటలు ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను. తిట్లు వదిలేస్తున్నాను, నాకు వాటి అర్థం తెలియక కాదు.

ఆయనతో నా మొదటి సంభాషణ ఒక బకెట్టు నీళ్ళ దగ్గర జరిగింది. మా వైపు పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి జల్లనిదే రోజు మొదలైనట్టుండదు. ఇంటి దగ్గర అది ఆడవాళ్ళ పని. ఇక్కడ అందరం మగవాళ్ళమే కనుక, ల్యాబు వాకిలి దుమ్ము చూడలేక నేనే ఆ పనికి పూనుకున్నాను. దానితో పాటు గోడ వారగా ఒక కరివేపాకు మొక్క నాటి, గిన్నెలు కడిగిన నీళ్ళన్నీ దాని మొదట్లో పోసేవాణ్ణి. నీళ్ళ సీమలో పుట్టినవాడికి నేల మీద నీళ్ళు పోయడంలో తప్పేముందో తోచదు. రెండో వారంలో ఒక ఉదయం ఎస్తెబాన్ గారు కారు దిగి, తడిసిన నేలను చూసి అక్కడే ఆగిపోయారు.

"ఎవరు పోశారు ఈ నీళ్ళు?"

"నేనేనండి. దుమ్ము అణుగుతుందని."

"రోజూ పోస్తున్నావా?"

"రోజూ పోస్తున్నానండి" అన్నాను, మెచ్చుకుంటారేమోనని.

చెవి ఎర్రబడింది. "గోడ కింద ఏముందో తెలుసా?"

"నేలండి."

"నేలట! ఓబులేసూ, గునపం పట్రా. ఈ పెద్దమనిషికి నేల చూపిద్దాం."

ఓబులేసు కడప జిల్లా మనిషి. మా ల్యాబు బండి నడిపేవాడు, మట్టి నమూనాల కోసం గుంటలు తవ్వేవాడు. అతను గోడకు దూరంగా ఎండు నేలలోంచి పిడికిలంత గడ్డ పెళ్ళగించి తెచ్చాడు. ఇక్కడి నేలను గచ్ అంటారు. మన ఇళ్ళలోని గచ్చు అనే మాటకు దూరపు చుట్టం. ఎండలో రాయిలా ఉంటుంది, మేకు కూడా దిగదు. ఎస్తెబాన్ గారు ఆ గడ్డను గాజు గిన్నెలో పెట్టి, చుట్టూ నీళ్ళు పోసి, కిటికీలో ఉంచి లోపలికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి గడ్డ లేదు. గిన్నె అడుగున విరిగిన పాలలాంటిది ఏదో ఉంది. "ఇందులో జిప్సం ఉంది" అన్నారు ఆయన. "నీళ్ళు తగలనంత కాలం ఇది నీ ఇంటికి పునాది. తగిలాక ఏమిటో నువ్వే పేరు పెట్టు." కరివేపాకు మొక్కను మాత్రం పీకి పారేయలేదు. తన చేత్తో తవ్వి నూనె డబ్బాలోకి మార్చి, డబ్బా కింద పళ్ళెం పెట్టి నాకిచ్చారు. ఓబులేసు నా చెవిలో గుసగుసలాడాడు: "ఏందన్నా, నీకు జీతమిచ్చేది గోడ నిలబెట్టేకా, కూలగొట్టేకా?"

మట్టి కరగడం చూశాను కనుక ఒప్పుకున్నాను. రాయి కూడా కరుగుతుందంటే ఒప్పుకోలేదు. తన ఊరు రాయి మీద ఉందనీ, ఆ రాయిని నీళ్ళు లోలోపల తినేస్తున్నాయనీ ఆయన తరచూ చెప్పేవారు. ఎంత తరచుగా అంటే, ఓబులేసు ఆయనకు కొండయ్య అని పేరు పెట్టాడు, మా తెలుగువాళ్ళందరం చాటున అలాగే పిలిచేవాళ్ళం. వరదొస్తే గట్టు తెగుతుంది గానీ రాయి కరగడం మేమెరగమని నేను వాదించేవాణ్ణి. నాలుగేళ్ళు వాదించాను. చివరికొక రోజు ఆయన చేతిలో జల్లెడ బల్ల మీద పడేసి, "చూడనిది నమ్మనంటావు. ల్యాబు మనిషివి, అలాగే ఉండాలి. అయితే వచ్చి చూడు. మే నెలలో మా ఊరి జాతర" అన్నారు. 1982లో నాకు సెలవు వచ్చింది. ముందు ఫిలిప్పీన్స్ వెళ్ళి, తరవాత ఇంటికి వస్తానని, అప్పటికింకా ఊళ్ళోనే ఉన్న మా ఆవిడకు రాస్తే, ఆవిడ జవాబు రాసింది: "రాళ్ళు చూడ్డానికి సముద్రాలు దాటాలా? కోనసీమలో రాయి దొరకదనేగా మీ బాధ, రోడ్డు మీద కంకర కుప్పలు పోశారు, వచ్చి చూసుకోండి." అయినా వెళ్ళాను. ఇంటి దగ్గర ఆ కోపం తీరడానికి సెలవంతా పట్టింది.

మనీలా నుంచి ఒక పగలంతా బస్సులో, మర్నాడు జీపును సాగదీసి కట్టినట్టున్న బండిలో కొండలెక్కాం. మలుపు తిరగగానే ఊరు కనిపించింది. చుట్టూ శంకువుల్లాంటి గుట్టలు, కళ్ళంలో ధాన్యం రాశులు పోసినట్టు ఒకదాని పక్కన ఒకటి. వాటి నెత్తి మీద పచ్చగడ్డి, పక్కల్లో ఎముకలా తెల్లని రాయి. ఊరి పేరు పియెద్రా బ్లాంకా. స్పానిష్‌లో తెల్లరాయి అని అర్థమట. స్పెయిన్ వాళ్ళు మూడు వందల ఏళ్ళకు పైగా ఏలిన దేశం అది. వాళ్ళు పోయి చాలా కాలమైనా ఊరు వాళ్ళ అచ్చులోనే ఉంది: నడిమధ్య చౌకు, చౌకుకు ఒక వైపు రాతి చర్చి, మిగిలిన మూడు వైపులా కింద రాతి గోడ, పైన చెక్క అంతస్తు ఉన్న ఇళ్ళు. కిటికీలకు అద్దాల బదులు పలచగా అరగదీసిన ఆల్చిప్పల పలకలు. ఎండ వాటిలోంచి పాలలా దిగేది. మనుషుల ముఖాలు తూర్పువి, పేర్లు పడమటివి. ముసలివాళ్ళు అంకెలు లెక్కపెట్టడం, దేవుణ్ణి పిలవడం, మనుషుల్ని తిట్టడం స్పానిష్‌లో చేసేవారు. ఎస్తెబాన్ గారికి ఆ మూడోది ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. చర్చి గంటల గోపురం మాత్రం చర్చికి అంటుకోకుండా ఇరవై అడుగుల దూరంలో విడిగా ఉంది. ఎందుకని అడిగితే, ఒకటి పోయినా రెండోది మిగులుతుందని కట్టినవాళ్ళు అలా కట్టారని చెప్పారు.

ఊరి పైన ఒక ఏరు ఉంది, మా పంట కాలువంత వెడల్పు. అది హోరున వచ్చి, కొండకున్న నోట్లోకి దూరి, కనిపించకుండా పోతుంది. ఆ నోటి దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి నది అంటే సముద్రం దాకా కనిపిస్తూ పోయేది. ఇలా మాయమైపోవడం నాకెందుకో అవమానంలా తోచింది.

"మళ్ళీ ఎక్కడ తేలుతుందండి?"

"కింద లోయలో. రెండు మైళ్ళ అవతల."

"మధ్యలో?"

"మధ్యలో మా ఊరు" అన్నారు ఎస్తెబాన్ గారు.

ఆ ఒక్క మాటతో నా నాలుగేళ్ళ వాదన ముగిసింది. ఊరంతా బోలు రాయి మీద ఉంది. వాన నీరు సున్నపురాయిని తరతరాలుగా తింటూ కింద గుహలు తొలిచింది. చౌకు నడుమ నడుమెత్తు గోడ కట్టిన ఒక బిలం ఉంది. దానిని కన్ను అంటారు. తొంగిచూస్తే చీకటి, చెవి పెడితే ఏటి చప్పుడు. ప్రతి ఇంటి చూరు నుంచి, ప్రతి వంటింటి నుంచి సన్నని రాతి కాలువలు బయల్దేరి, ఒకదానిలో ఒకటి కలుస్తూ, ఆ కంట్లోకి దిగుతాయి. ఆ ఊళ్ళో గ్లాసెడు నీళ్ళు కూడా నేల మీద పారబోయరు. పారబోస్తే పొరుగువాడి పునాది కింద పోసినట్టు లెక్క.

చర్చికి వెనక వీధిలో ఒక ఖాళీ స్థలం చూపించారు. మోకాలెత్తు గోడ, లోపల గడ్డి. "ఇక్కడ మా ఇల్లు ఉండేది" అన్నారు. పై వీధిలో ఊరికి పెద్ద భూస్వామి ఇల్లు. స్పెయిన్ రక్తమని చెప్పుకునే కుటుంబం. ఆయన తన పెరట్లో ముచ్చటకని నీళ్ళు చిమ్మే ఫౌంటెను కట్టించాడు. దాని మిగులు నీరు కాలువలోకి పెట్టమని ఊరు అడిగింది. తవ్వితే పూలమొక్కలు పాడవుతాయన్నాడు. రెండు వానాకాలాలు గడిచాక, ఎస్తెబాన్‌కు తొమ్మిదేళ్ళ వయసులో, ఒక ఉదయం వంటింటి నేల దిగిపోయింది. అప్పుడు వంటింట్లో ఉన్నది వాళ్ళ అమ్మ ఒక్కతే. ఆ భూస్వామి తరవాత చర్చికి కొత్త రాతిపరుపు చేయించాడు. ఇప్పటికీ గుమ్మం దగ్గర ఒక పలక మీద అతని పేరు, దానశీలి అన్న మాట చెక్కి ఉన్నాయి. అందరూ ఆ పలకను తప్పుకుని నడుస్తారు, గౌరవం కొద్దీ. ఎస్తెబాన్ గారు దాని మీద ఆగి, వీధి బురదంతా పోయేదాకా రెండు జోళ్ళూ శుభ్రంగా తుడుచుకుని లోపలికి వెళ్ళారు. వచ్చేటప్పుడు నేను కూడా తుడుచుకున్నాను.

జాతర నాడు దేవుడి ఊరేగింపు కన్నా ముందు ఒక పని జరుగుతుంది. తెల్లవారేసరికి కాలువలన్నీ ఊడ్చేస్తారు. ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ చూస్తుండగా పై కాలువలో బిందెలతో నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళ వెంట ఊరంతా, చంటిపిల్లలతో సహా, మాట లేకుండా కంటి దాకా నడుస్తుంది. ఆ ఏడు పెద్దావిడ ఎస్తెబాన్ గారి మేనత్త. తియా అని పిలిచేవారు. అత్త అనే అర్థం. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఏదో అడిగింది. నది సముద్రంలో కలిసే చోటి నుంచి వచ్చానని ఈయన చెప్పారు. అయితే మొదటి బిందె అతనికే ఇవ్వమంది. నేను గర్వంగా ఎత్తుకున్నాను. నాలుగడుగులు వేయకుండానే భుజం మీదా నేల మీదా తొణికించాను. ముసలావిడ చేతికర్రతో నా పిక్క మీద ఒక్కటి వేసింది. "ఏమంటోందండి?" అన్నాను. "నీళ్ళు ఎక్కువున్న చోట పెరిగినవాడికి మర్యాద తెలియదంటోంది" అన్నారు ఎస్తెబాన్ గారు, నవ్వకుండా.

నీళ్ళు వీధి వెంట దిగాయి, మేమూ దిగాం. చౌకుకు ఇంకా రెండు ఇళ్ళ ఇవతల, ధార సన్నబడి ఆగిపోయింది. అది మేయరు ఇల్లు. ఎవరూ కేక వేయలేదు, తలుపు కొట్టలేదు. అంత జనమూ ఆ ఇంటి ముందు ఊరికే నిలబడ్డారు. కాసేపటికి మేయరు బనీనుతో బయటికి వచ్చి, జనాన్ని చూశాడు, ఎండిన కాలువను చూశాడు, లోపలికి వెళ్ళి గునపం తెచ్చుకున్నాడు. కొత్తగా వేయించిన మెట్టు కింద కాలువ పగిలి ఉంది. ఆ మెట్టును అతని చేతే పగలగొట్టించి, పగులు పూడ్పించి, మళ్ళీ బిందెలు తెచ్చి పోసి, నీళ్ళు కంట్లో పడ్డ చప్పుడు విన్నాకే గంటలు మోగించారు. తిరిగి వస్తూ ఎస్తెబాన్ గారు అన్న మాట ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "కోపం వస్తే అరవకు. నేను అరుస్తాను, అది నా జబ్బు. నువ్వు నీళ్ళు పోసి చూపించు."

1983 చలికాలంలో కంపెనీ కబ్ద్‌లో, ఎడారి తోటల పక్కన, పనివాళ్ళ కోసం గదులు కట్టింది. సిమెంటు ఇటుకల గదులు ఒకే వరుసలో, వాటి వెనక గోడకు ఆనుకున్నట్టే దిమ్మెల మీద నీళ్ళ ట్యాంకు, ట్యాంకు కింద స్నానాల కొళాయిలు. అరవై మంది ఆ గదుల్లో పడుకోవాలి. ఎక్కువమంది కడప, రాయచోటి వైపు వాళ్ళు. నేల పరీక్షించి పంపమన్నారు. ప్రతి నమూనాలోనూ జిప్సమే. ట్యాంకును నూరు అడుగులు అవతలికి జరపాలి, లేదా మనుషుల్ని అక్కడ ఉంచకూడదని ఎస్తెబాన్ గారు చెప్పారు. ప్రాజెక్టు మేనేజరు మనవాడే, మా జిల్లావాడే. అతని పేరు కూడా రాయను. మర్యాద కోసం కాదు, ఈ డైరీలో ఆ పేరుకు చోటివ్వడం ఇష్టం లేక. అతని గదికి నన్ను కూడా పిలిచాడు.

ఎస్తెబాన్ గారు జేబులోంచి కబ్ద్ మట్టిగడ్డ తీసి, బల్ల మీది గాజు గిన్నెలో పెట్టి, మేనేజరు తాగుతున్న గ్లాసులోని నీళ్ళే దాని మీద పోశారు. "పదిహేను నిమిషాలు చూడండి" అన్నారు. మేనేజరు నిమిషం కూడా చూడలేదు. దగ్గరున్న వార్తాపత్రిక మడత విప్పి ఆ గిన్నె మీద కప్పేసి, మాట కొనసాగించాడు. గదులు కట్టడం అయిపోయింది, ప్రారంభం తేదీ చెప్పేశాం, ల్యాబు ఆమోదం కావాలి, అంతే. ఎస్తెబాన్ గారి చెవి ఎర్రబడింది, గొంతు లేచింది, స్పానిష్ వచ్చింది. పన్నెండేళ్ళు పనిచేసిన మనిషిని అదే వారంలో ఖలాస్, ఇక పని లేదు పొమ్మన్నారు. ఆయన వెళ్ళిపోయాక మేనేజరు నన్ను మళ్ళీ పిలిచి కుర్చీ చూపించాడు.

"ఏవయ్యా సత్యం, మనం మనం గోదారోళ్ళం. ఆ కొండముచ్చు మాట పట్టుకుని నీ కంచంలో నువ్వే మన్ను పోసుకుంటావా ఏంటి? సంతకం పెట్టేసెయ్. రేపణ్ణుంచి ఆ కుర్చీ నీదే."

"ట్యాంకు జరపండి, పెడతానండి."

"జరుపుతాంలేవయ్యా, ఎండాకాలం కానీ."

"ఎండాకాలంలోనే పెడతానండి" అన్నాను. నా బదులు మరొకరెవరో పెట్టారు. అరవై మందీ గదుల్లో చేరారు.

అప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. ఎస్తెబాన్ గారు నీళ్ళు పోసి చూపించారు, సరే, చూడనివాడికి చూపించారు. ఆయన ఊళ్ళో మేయరుకు ఎవరూ చూపించలేదు. ఊరు ఊరంతా చూసింది, మేయరు బయటికి రాక తప్పలేదు. ఈ తేడా ఆయనకు తెలియక కాదు. పరాయి దేశంలో ఆయనకు ఊరు లేదు. మాకు ఉంది, కబ్ద్ గదుల్లో. 1984 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, పనిలేని రోజు, కబ్ద్ వెళ్ళి, అప్పటికి ఆ గదుల్లోకే మారిన ఓబులేసుకు తెల్లరాయి ఊరి సంగతంతా చెప్పాను. "కొండయ్య ఊర్లో ఆడోళ్ళూ పిలకాయలూ నడిచినారా? అయితే మనకేం రోగం?" అన్నాడు. గదుల వెనక స్నానాల నీళ్ళు పోయే సిమెంటు కాలువను అందరూ కలిసి ఊడ్చారు. బిందె ఓబులేసే ఎత్తుకున్నాడు. కొళాయిల నుంచి కాలువ మొదటి దాకా అతని భుజం మీంచి ఒక్క చుక్క తొణకలేదు. కడపవాడికి నీళ్ళు మోయడం ఎవరూ నేర్పక్కరలేదు. అక్కడ బిందె తరవాత బిందె పోశాడు. మేమంతా పక్కన నడిచాం. గుంట దాకా చేరింది ఒక తడి గీత మాత్రమే. మిగిలినదంతా నాలుగో గది మూల దగ్గర మాయమైంది. అక్కడ కాలువ అడుగు పగిలి ఉంది. ఓబులేసు గోడ మొదట్లో గునపం ఆనించి తోశాడు. పోటు వేయకుండానే అది పిడి దాకా దిగిపోయింది. అతను దాన్ని పైకి లాగి, దాని మొనకంటిన తెల్లని పేస్టును చూసి, "అన్నా, ఇది నేల గాదు. పుట్ట" అన్నాడు.

ఎవరు చెప్పారో తెలియదు, అందరం మేనేజరు ఉండే రేకుల ఆఫీసు ముందుకు వెళ్ళి నిలబడ్డాం. అతను తలుపు తీసి చూశాడు.

"ఏంటిది? సమ్మెనా? ఈ దేశంలో సమ్మె అంటే ఏమవుద్దో తెలుసా మీకు?"

"సమ్మె గాదు సార్" అన్నాడు ఓబులేసు. "నీళ్ళెంబడి వచ్చినాం. పోసిన నీళ్ళు గుంటకు రాలేదు. యాడికి పోయినాయో నువ్వొచ్చి చూడు సార్."

"నీళ్ళు లెక్కపెట్టడానికా మీకు జీతాలు? యల్లా, పొండి పొండి!"

ఆ మేయరు బనీనుతోనైనా బయటికి వచ్చాడు. ఇతను తలుపు వేసుకున్నాడు. మేము గదులకు తిరిగి వచ్చి, మంచాలు, పరుపులు, బొంతలు బయటికి మోసుకుని, ట్యాంకుకు దూరంగా ఇసుకలో వేశాం. ఆ చలిలో అరవై మందీ ఆకాశం కింద పడుకున్నారు. బెదిరించారు, ఇఖామాలు, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి కాగితాలు, రద్దు చేస్తామన్నారు. ఒక్కరు కూడా లోపలికి పోలేదు. దానికి బదులుగా ఓబులేసును నాయకుడని పేరు పెట్టి వారం తిరక్కుండా విమానం ఎక్కించారు. వెళ్ళే ముందు నాతో, "పోతే పోనీలే అన్నా. పెట్టెలో పొయ్యేదానికన్నా సీట్లో కూసోని పొయ్యేది మేలు గదా" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఇప్పటికీ ఆ మాటకు నవ్వు రాదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, అందరూ పనిలో ఉండగా, నాలుగో గది మూల కుంగింది. గోడ విరిగింది, వెనక దిమ్మె ఒరిగి ట్యాంకు నిండు నీళ్ళతో నాలుగు, అయిదు గదుల మీద పడింది. రేకులు కింద, ఇటుకలు మీద. అక్కడ మంచాలు లేవు. మనుషులు లేరు. భారీ వర్షం వల్ల కూలిందని కంపెనీ తేల్చింది. ఆ నెలలో కబ్ద్‌లో గాని, అర్దియాలో గాని ఒక్క చినుకు పడలేదు; రోజూ డైరీలో వాతావరణం రాసుకునే అలవాటు నాది. చెప్పాను. నవ్వారు. ఎవరూ చావలేదు కనుక ఎవరూ తప్పు చేయలేదు. మనుషులను కాపాడినవాళ్ళు ఇద్దరు ఉద్యోగాలు పోగొట్టుకుని ఇళ్ళకు చేరారు. చంపడానికి సర్వం సిద్ధం చేసినవాడు ఆ ఏడే పై మెట్టు ఎక్కాడు. ఒకవేళ ఆ అరవై మంది లోపల ఉండి ఉంటే విచారణ జరిగేది, పత్రికల్లో పడేది, న్యాయం గురించి ఎవరో ఒకరు మాట్లాడేవారు. బతికి ఉండటం వల్ల మాకు న్యాయం అడిగే హక్కు పోయింది. ఈ లెక్కను ఎన్నిసార్లు వేసినా సరిపోదు, అయిదేళ్ళుగా వేస్తూనే ఉన్నాను.

పియెద్రా బ్లాంకాలో ఉన్న ఒకే ఒక్క టెలిఫోను చర్చి పాదిరీ గారి ఇంట్లో ఉండేది. ఏప్రిల్‌లో కాల్ బుక్ చేసి, ఎస్తెబాన్ గారిని పిలిపించాను.

"పడిందా?" అన్నారు నా గొంతు వినగానే.

"పడిందండి."

"మనుషులు?"

"లోపల ఎవరూ లేరండి. నీళ్ళ వెంట నడిచాం. అందరం. ఆ రోజు నుంచీ బయటే పడుకుంటున్నారు."

తీగ గరగరలోంచి అడిగారు: "బిందె ఎవరు ఎత్తుకున్నారు? నువ్వు కాదు కదా?"

"ఓబులేసండి."

"తొణికిందా?"

"లేదండి."

"బాగుంది. ఆ మేనేజరు?"

"పై ఉద్యోగం ఇచ్చారండి."

పక్కన పాదిరీ గారున్నారన్న స్పృహ కూడా లేకుండా ఆయన స్పానిష్ ఎత్తుకున్నారు. కాల్ సమయం అయిపోయేదాకా ఆగలేదు. నేను ఆపమనలేదు. ఆ తిట్లన్నీ నా తరఫున కూడా అని తెలుసు. అదే ఆయన గొంతు ఆఖరుసారి వినడం. మూడేళ్ళ తరవాత ఆయన ఆ ఊళ్ళోనే పోయారని తెలిసేసరికి, నేను ఆ కంపెనీ వదిలి వేరే ల్యాబుకు మారి ఉన్నాను.

వాన ఆగింది. కలం మూస్తున్నాను.

మధ్యాహ్నం మళ్ళీ రాస్తున్నాను. మా భవనం చూరు నీళ్ళ వెంట బయల్దేరి వీధి చివర మురుగు జాలీ దాకా నడవాలని వెళ్ళాను. హారిస్ నవ్వాడు. మూడు ఇళ్ళు దాటాక, కొత్తగా కట్టిన ఒక ఇంటి దగ్గర నీటి ధార పక్కకు తిరిగి, ప్రహరీ గోడ కింది పగుల్లోకి సద్దు లేకుండా దిగిపోతోంది. గోడకు అవతల రేకు కప్పు ఒకటి కనిపిస్తోంది. పని మనుషుల గది ఇక్కడ ఎప్పుడూ ప్రహరీని ఆనుకునే ఉంటుంది. యజమానుల గదులు ఎప్పుడూ అలా ఉండవు. గంట నొక్కాను. "మిన్?" అని లోపలి నుంచి ఎవరో అరబ్బీలో అడిగారు గానీ, ఆ గొంతు సాగదీతలో కడప వినిపించింది. తెలుగులో జవాబిచ్చాను. తలుపు ఓరగా తెరిచి, తలకు గుడ్డ కట్టుకున్న ఒకామె తొంగిచూసింది.

"ఎవురు సార్? మామా పండుకోనుండాది. సాయంత్రం రాండి." యజమానురాలిని ఇక్కడి పనివాళ్ళు మామా అంటారు.

"మామాను లేపొద్దమ్మా. నువ్వు పడుకునే గది ఎక్కడ?"

"ఇదే సార్, ఈ గోడ పక్కనే. ఏం?"

అరవాలనిపించింది. ఆ ఇంటి మీద, ఆ గోడ కట్టినవాడి మీద, పదకొండేళ్ళుగా నేను చూసిన ప్రతి గోడ మీద అరవాలనిపించింది. చెవులు వేడెక్కాయి.

"ఒక బిందెడు నీళ్ళు పట్టుకుని బయటికి రామ్మా" అన్నాను. "తొణక్కుండా."